రాణి తొక్కిన బ్రేకు

ఏప్రిల్ నెల, సాయంత్రం నాలుగున్నర. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర నాగోలు వైపు మలుపు తిరుగుతుండగా రాణి కాలి కింద బ్రేకు పెడల్ ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుపోయింది.

వ్యాన్‌లో పన్నెండు మంది పెద్దవాళ్లున్నారు. ఎదురుగా పది అడుగుల్లో పుచ్చకాయల తోపుడుబండి. రాణి సీట్లోంచి లేచి నిలబడినంత పని చేసింది. రెండు కాళ్లూ పెడల్ మీద మోపి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ఒంటి బరువంతా వేసి తొక్కింది. వ్యాన్ మూలుగుతూ ఇంకాస్త ముందుకు జరిగి ఆగింది. బంపర్‌కీ మొదటి పుచ్చకాయకీ మధ్య జానెడు సందు మిగిలింది.

తోపుడుబండి అతను కాయల వంక చూసి, రాణి వంక చూశాడు.

"అక్కా, కొంటవా, గుద్దుతవా? ఏదో ఒకటి జెప్పు," అన్నాడు.

వెనక సీట్లోంచి బుచ్చిబాబు గారి కళ్లజోడు ఎగిరొచ్చి సూర్యకళ గారి ఒళ్లో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రాణి మాత్రం సిగ్నల్ మారినా స్టీరింగ్ వదల్లేదు.

పెడల్ ఇలా కావడం ఇది మూడోసారి.

ఆ వ్యాన్ నాచారంలోని స్నేహవేదికది. ల్యాబుల్లో, రైల్వేలో, కరెంటాఫీసులో పనిచేసి రిటైరైనవాళ్లు పొద్దున పదింటికి అక్కడ చేరి సాయంత్రం నాలుగు దాకా క్యారమ్స్ ఆడతారు, యోగా చేస్తారు, పేపరు చదివి పోట్లాడుకుంటారు. వాళ్లను నాగోలు, ఉప్పల్, హబ్సిగూడ ఇళ్ల నుంచి తీసుకురావడం, మళ్లీ దిగబెట్టడం రాణి పని. ఆమెది చేర్యాల. పెళ్లయ్యాక ఉప్పల్‌కొచ్చి, చిలకానగర్‌లో ఉంటోంది. మొదట ఆటో నడిపింది. రెండేళ్ల కిందట ఈ వ్యాన్ ఎక్కింది. ఎవరి మోకాళ్లు నొప్పో, ఎవరి ఇంటి ముందు గుంట ఉందో, ఎవరిని ఏ వైపు దింపితే మెట్టు తేలికో ఆమెకు కంఠతా వచ్చు.

వ్యాన్ మాత్రం మామూలుది కాదు. ఎప్పుడో ఒక స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో కంటి పరీక్షల కోసం విదేశం నుంచి తెప్పించిన బండి. వాళ్లు కొత్తది తెచ్చుకుని, దీన్ని స్నేహవేదికకు ఇచ్చేశారు. వెడల్పాటి తలుపు, పొట్టి మెట్టు, పెద్ద అద్దాలు. ఎక్కినవాళ్లంతా దాన్ని మెచ్చుకునేవాళ్లే. బానెట్ ఎత్తినవాళ్లు మాత్రం బుర్ర గోక్కునేవాళ్లు.

మర్నాడు పొద్దున వేదిక హాల్లో క్యారమ్ బోర్డుల చుట్టూ కుర్చీలు జరిపి అందరూ కూర్చున్నారు. కార్యదర్శి ఉమాపతి నిలబడి ఉన్నాడు. కరెంటాఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, చొక్కా మడత నలగనివ్వడు. పక్కన మెకానిక్ మొగిలయ్య, నూనె మరకల చేతులు వెనక్కి కట్టుకుని.

"ఏమైందో నువ్వే జెప్పు మొగిలయ్యా," అన్నాడు ఉమాపతి.

"సార్, పొద్దుగాల మల్లాపూర్ దాకా తీస్కపోయి తెచ్చిన. నాలుగుసార్లు గట్టిగ తొక్కి సూసిన. యాడికాడికి ఆగింది. బ్రేకు నూనె నిండుగున్నది. లైనర్లు కొత్తయి. నాకైతే ఏం గలత్ కనవడలే," అన్నాడు మొగిలయ్య.

అందరూ రాణి వైపు తిరిగారు.

"నిన్న ఆగలే," అంది రాణి. "అబద్ధం జెప్పి నాకేమొస్తది సార్?"

బుచ్చిబాబు గొంతు సవరించుకున్నాడు. సామర్లకోట నుంచి వచ్చి, రైల్వేలో లోకో ఇన్‌స్పెక్టర్‌గా చేసి, లాలాగూడలో రిటైరైన మనిషి. తొంభై కిలోలుంటాడు. బ్రేకుల గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం.

"తప్పు పడుతున్నాననుకోకమ్మా. కంగారులో కాలు పెడల్ అంచు మీద పడుతుంది. బలం చాలదు. మా రైళ్లలో ఆ బాధే లేదు. గొట్టంలో గాలి పోయిందంటే బ్రేకు దానంతటదే పడిపోతుంది. డ్రైవరు కాలితో పనే లేదు. నువ్వు ఆ మెత్తటి చెప్పులు మార్చి బూట్లు వేసుకో, సరిపోతుంది."

"రెండేండ్ల సంది గివే చెప్పులు సారూ. అప్పుడు ఆగిన బండి ఇప్పుడెందుకు ఆగది?"

ఉమాపతి వాచీ చూసుకున్నాడు. "సరే, జర జాగ్రత్తగ నడుపు. టైమయితుంది, ఇగ ఆటలు మొదలువెట్టుండ్రి," అన్నాడు, విషయం తేలిపోయినట్టు.

రాణి కొంగు ముడి విప్పి వ్యాన్ తాళం తీసి క్యారమ్ బోర్డు మధ్యలో పెట్టింది.

"నేను నడప సార్. కోపంతోని కాదు. నాకే నమ్మకం లేని బండిల మిమ్మల్నెట్ల ఎక్కించుకుంట? తప్పు బండిలనో నాలోనో తేలినంక పిలువుండ్రి, ఉరికొస్త."

అనేసి బయటికి నడిచింది. గేటు దాటాక కళ్లు తుడుచుకుంది. మొదటిసారి ఎవరో పిలిచి మంచి కొలువిస్తే, దాన్ని తానే వదిలేసుకున్నానా అని నాచారం చౌరస్తా దాకా ఆలోచిస్తూనే నడిచింది.

మర్నాటి నుంచి సాంబయ్య అనే డ్రైవర్ వచ్చాడు. ముప్పయ్యేళ్లు సిటీ బస్సు నడిపిన చేయి. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర అదే మలుపు, అదే వేళ, అదే వ్యాన్. వెన్నలా ఆగింది.

"చూశారా!" అన్నాడు బుచ్చిబాబు, హాలంతా వినబడేలా.

ఆ మాట రాణి చెవిన పడటానికి ఎంతో సేపు పట్టలేదు. ఇంట్లో, మల్లాపూర్ బీరువాల కంపెనీలో పనిచేసే ఆమె భర్త రంజిత్, "పోనీ తియ్యి, ఇంకో బండి దొరక్కపోతదా," అన్నాడు. రాణి గిన్నెలు కడుగుతూనే ఉంది. కొలువు పోతే పోయింది. ఆమెను తొలుస్తున్నది వేరే సంగతి. నిజంగానే తన కాలిదే తప్పా? ఆటో నడిపిన రోజుల్లో ఒక్కసారైనా ఇట్లా జరిగిందా అని గుర్తు చేసుకుంటూ, వంటగదిలో నిలబడి గాల్లోనే కాలితో బ్రేకు తొక్కి చూసుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే సూర్యకళ. వ్యాన్‌లో మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుని, రెండేళ్లలో పది మాటలు కూడా మాట్లాడని మనిషి. రెండంతస్తులు ఎక్కి వచ్చిందేమో, ఆయాసపడుతోంది.

"లోపలికి రావచ్చా రాణీ?"

"అయ్యో, రాండ్రమ్మా, కూసోండ్రి." రాణి ఫ్యాన్ వేసి, మంచినీళ్లు తెచ్చింది. పొయ్యి మీద పల్లీలు, నువ్వులు కలిపిన బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి, కాలుతోంది. ఒక ముక్క విరిచి ప్లేట్లో పెట్టింది. సూర్యకళది కాకినాడ. ఆమె ముక్క కొరికి, కళ్లు మూసుకుని నమిలి, "ఇది ఇన్నాళ్లూ నాకు ఎవరూ పెట్టలేదే!" అని ఇంకో ముక్క తనే తీసుకుంది. ఆ తర్వాత అసలు సంగతికొచ్చింది.

"ఆ మూడుసార్లూ పెడల్ గట్టిపడ్డప్పుడు స్టీరింగ్ ఎలా ఉంది?"

రాణి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "బరువైందమ్మా! మస్తు బరువైంది. తిప్పుతుంటే తిరగలే. గా సంగతి నన్ను ఎవ్వలు అడగలే!"

"మలుపులోనేనా?"

"మూడుసార్లు మలుపుల్నే. మెల్లగ వోతున్నప్పుడే. తిన్నగ వోతుంటే ఎన్నడు గాలే."

సూర్యకళ తల ఊపింది, క్లాసులో మంచి జవాబు విన్న టీచర్‌లా.

"నేను ముప్పయ్యొక్క ఏళ్లు ఒక ల్యాబులో పనిచేశాను. నూనె ఒత్తిడితో నడిచే యంత్రాలు ఎప్పుడు ఆగిపోతాయో, ఎందుకు ఆగిపోతాయో పరీక్షించడమే నా పని. చూడు, మన కాలి బలం ఒక్కటే అంత బండిని ఆపలేదు. ఏదో ఒకటి సాయం చెయ్యాలి. మామూలు వ్యాన్లలో ఆ సాయం గాలి గుంజే డబ్బా నుంచి వస్తుంది. మన వ్యాన్‌లో అది లేదు, బానెట్ ఎత్తినప్పుడు చూశాను. స్టీరింగ్‌ను తేలిక చేసే నూనె పంపు ఉంది చూశావూ, అదే బ్రేకుకీ బలం ఇస్తుంది. ఒకే పంపు, ఇద్దరికి అన్నం వండినట్టు."

"అంటే పంపు సతాయిస్తే రెండూ ఒక్కసారే పోతయి!"

"ఊఁ. మెల్లగా వెళ్తూ, మలుపు తిప్పుతూ, బ్రేకు కూడా తొక్కావంటే దానికి గట్టి పని. మొగిలయ్య తిన్నగా పోయి తిన్నగా వచ్చాడు. ఖాళీ బండి. అతనికేం తెలుస్తుంది?"

రాణికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే కోపమొచ్చింది. "మరి అమ్మా, ఆ దినం మీటింగుల గిదే మాట జెప్పొచ్చు గదా?"

సూర్యకళ ప్లేటు పక్కన పెట్టింది. "చెప్పాల్సింది. స్టీరింగ్ సంగతి తెలియకుండా మాట్లాడకూడదనుకున్నాను. తెలియకుండా మాట్లాడేవాళ్లు అక్కడ ఇదివరకే చాలామంది ఉన్నారు కదా. కానీ నిన్ను అడగడానికి నాలుగు రోజులు ఆలస్యం చేశాను. అది నా తప్పే."

రాణి ఫక్కున నవ్వింది. "అయితే ఇంకో ముక్క తినుండ్రి."

కానీ ఒక చిక్కు ముడి విడలేదు. అదే మలుపులో సాంబయ్యకు ఎందుకు జరగడం లేదు? ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. చివరికి సూర్యకళే అంది: "రేపు నాతో వ్యాన్‌లో రా. పక్కన కూర్చుని చూడు. డ్రైవర్ చేసేది డ్రైవర్‌కే కనిపిస్తుంది."

మర్నాడు సాయంత్రం రాణి తన వ్యాన్‌లోనే ప్రయాణికురాలిగా కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. అయితే ఎక్కినవాళ్లంతా ఆమె భుజం తట్టి, "ఎప్పుడొస్తావమ్మా" అని అడుగుతూ కూర్చున్నారు. సాంబయ్య మంచివాడే. "నీ సీటు భద్రంగ ఉంచిన బిడ్డా, నాకు ఈ పని జేసుడు ఇష్టం లేదు," అన్నాడు కూడా.

వ్యాన్ హబ్సిగూడ దాటింది. లోపల ఉక్కపోత. అందరూ పేపర్లు మడిచి విసురుకుంటున్నారు. బుచ్చిబాబు చొక్కా పై గుండీ విప్పాడు.

"ఏసీ వెయ్యవయ్యా సాంబయ్యా, ఉడికిపోతున్నాం."

"నాకు పడది సార్. ఏసీ ఏస్తే తుమ్ములొస్తయి. తుమ్ములల్ల బండి నడుపరాదు. కిటికీలు తెరుసుకోండ్రి."

రాణి ఉలిక్కిపడింది. మార్చి మొదట్లో ఎండలు ముదురుతున్నాయని పాత ఏసీ తీయించి కొత్తది పెట్టించారు. అంతకు ముందు ఎన్నడూ పెడల్ గట్టిపడలేదు. ఆ తర్వాతే మూడుసార్లు. ఆ మూడుసార్లూ బయట మండుటెండ. ఆ మూడుసార్లూ లోపల ఏసీ.

వెనక్కి తిరిగి సూర్యకళ వైపు చూసింది. "అమ్మా, ఏసీ!"

సూర్యకళ రెండు క్షణాలు ఆలోచించి, ఒళ్లోని చేతిసంచి మీద చిన్నగా చరిచింది. "ఒకే బెల్టు!" అంది. "ఏసీని, నూనె పంపుని ఒకే బెల్టు తిప్పుతోంది."

"సాంబన్నా, ఒక్కసారి ఏసీ..." అనబోయింది రాణి.

"వద్దు," అంది సూర్యకళ గట్టిగా. "రోడ్డు మీద మనుషుల్ని పెట్టుకుని పరీక్షలు చెయ్యకూడదు."

ఆదివారం పొద్దున నాచారం పారిశ్రామిక వాడలో ఫ్యాక్టరీలన్నీ మూసి ఉన్నాయి. మొగిలయ్యకు తెలిసిన ఒక లారీ యార్డు ఖాళీగా ఉంది. దాని చివర పాత టైర్లు గోడలా పేర్చారు. బండి నడక వేగం దాటకూడదని సూర్యకళ షరతు పెట్టింది. ఉమాపతి తెల్ల ప్యాంటు వేసుకుని, దుమ్ము అంటకుండా దూరంగా నిలబడ్డాడు.

"బండిలో బరువుండాలి," అంది సూర్యకళ. "ఇసుక మూటలు తెప్పిస్తే..."

"ఇసుక ఎందుకండీ, నేనుండగా!" అన్నాడు బుచ్చిబాబు. ముందుగా ఆయనే ఎక్కి కూర్చున్నాడు. ఆయన వెనక మరో ఎనిమిది మంది, పిక్నిక్‌కు వచ్చినట్టు ఫ్లాస్కులతో, మురుకుల డబ్బాతో ఎక్కారు. టైర్ల గోడకు తగిలినా దూది మూటకు తగిలినట్టే ఉంటుందని మొగిలయ్య చేత్తో గుద్ది చూపించాకే సూర్యకళ ఒప్పుకుంది. అందరి చేతా సీటు బెల్టులు పెట్టించింది.

రాణి డ్రైవర్ సీట్లో కూర్చుని చెమట చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. ఒకవేళ ఇప్పుడు బ్రేకు మంచిగా పడితే? ఇంతమంది ముందు? జీవితంలో మొదటిసారి బండి చెడిపోవాలని దండం పెట్టుకుంది.

మొదట ఏసీ లేకుండా. మెల్లగా కుడివైపు తిప్పింది, తొక్కింది. బండి మెత్తగా ఆగింది. బుచ్చిబాబు కనుబొమలెగరేశాడు.

"ఇప్పుడు ఏసీ పెట్టు," అంది సూర్యకళ.

రాణి బటన్ నొక్కింది. చల్లగాలి వచ్చింది. వెనక ఎవరో "అబ్బ, హాయి" అన్నారు. బండి కదిలింది. కుడికి తిప్పింది. ముందు నుంచి కీచుమని పిల్లి అరిచినట్టు చప్పుడు. స్టీరింగ్ బరువెక్కింది. రాణి కాలు వేసింది. పెడల్ రాయి. రెండో కాలు కూడా వేసి తొక్కేలోపే వ్యాన్ టైర్ల గోడకు మెత్తగా ఆనుకుని, ఆగింది. మురుకుల డబ్బా జారి కింద పడింది.

"ఇగో! ఇగో ఇదే!" అని రాణి అరిచింది. బండి చెడిపోయినందుకు అంత సంతోషపడ్డ డ్రైవర్‌ను ఆ యార్డు ఎన్నడూ చూసి ఉండదు.

"నేను సూస్త, దిగు," అని మొగిలయ్య ఎక్కాడు. వెనక్కి తీసి, అలాగే తిప్పి, అలాగే తొక్కాడు. కీచుమంది. మొగిలయ్య మెడ నరాలు ఉబ్బాయి. బండి రెండోసారి టైర్లకు ఆనింది.

"అరె!" అన్నాడు మొగిలయ్య.

"మొగిలయ్య బూట్లే వేసుకున్నాడు కదండీ," అంది సూర్యకళ, వెనక్కి తిరగకుండానే. బుచ్చిబాబు ముఖం ఎర్రబడింది. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఆయన నవ్వుతుంటే వ్యాన్ మొత్తం ఊగింది.

"ఇంకొకటి చూడాలి," అంది సూర్యకళ. "ఇంజన్ ఆపి, బ్రేకు తొక్కు."

రాణి మళ్లీ సీట్లోకి ఎక్కి, తాళం తిప్పి ఇంజన్ ఆపి, తొక్కింది. మొదటిసారే గట్టిగా ఉంది.

"అదే అనుకున్నాను. ఈ బండిలో చిన్న డబ్బా ఒకటుంటుంది. పంపు బాగున్నప్పుడే కొంచెం నూనెను ఒత్తిడితో దాచిపెట్టుకుంటుంది. పంపు తడబడ్డా, ఇంజన్ ఆగిపోయినా, రెండు మూడుసార్లు అదే ఆదుకోవాలి. ఇంజన్ ఆపాక పెడల్ రెండు మూడుసార్లు మెత్తగా దిగాలి. మనది ఒక్కసారి కూడా దిగలేదు. అంటే ఆ డబ్బా ఎప్పుడో ఖాళీ అయింది. అది ఖాళీ అని మనకు తెలియలేదు, ఎందుకంటే పంపు అప్పటిదాకా తడబడలేదు."

"మరి ఆ దినం ఉప్పల్‌ల బండి ఎట్ల ఆగినట్టు?" అని అడిగాడు ఉమాపతి. ఆయన ఎప్పుడు దగ్గరికి వచ్చాడో, తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా దుమ్ము.

"పోయింది సాయం ఒక్కటే, బ్రేకు పోలేదు. సాయం లేకపోయినా కాలి బలం చక్రం దాకా వెళ్లేట్టే కడతారు. కానీ మామూలుగా తొక్కితే చాలదు. ఒంటి బరువంతా వెయ్యాలి. ఆ సంగతి తెలియక చాలామంది, బ్రేకే పోయిందనుకుని కాలు తీసేస్తారు. రాణి తియ్యలేదు."

మొగిలయ్య బానెట్ ఎత్తి, బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. లోపలికి చాలా దిగిపోయింది. దాని లోపలి వైపు అద్దంలా మెరుస్తోంది.

"ఇది నేనేసిన బెల్టే," అన్నాడు మెల్లగా. "కొత్త ఏసీకి అందాలని పొడుగుది ఏసిన. బిగించిన గానీ సాల్లేదు. ఏసీ ఆన్ గాంగనే జారుతున్నది. తప్పు నాదే రాణమ్మా. తిన్నగ వోయి సూసొచ్చి, నిన్నే తప్పువట్టిన."

"ఏసీ పెట్టియ్యమని నీ వెంబడి వడ్డది నేనే గదా," అన్నాడు ఉమాపతి. ఆయన దుమ్ము దులుపుకోవడం మానేశాడు. తర్వాత రాణి దగ్గరికి వచ్చాడు. "ఆ రోజు నువ్వు తాళం పెట్టి వోతే, నేను అహంకారమనుకున్న. సోమవారం హాల్ల అందరి ముంగట జెప్త, నాదే పొరపాటని."

"అందరు ఈడనే ఉన్నరు గద సార్," అంది రాణి.

ఉమాపతి చుట్టూ చూశాడు. నిజమే. అందరూ అక్కడే ఉన్నారు, మురుకులు తింటూ. ఆయన తిన్నగా నిలబడి, మైకు ముందు నిలబడ్డట్టు గొంతు సవరించుకుని, "రాణి చెప్పిందే నిజం. మనం వినలే. క్షమించాలె," అన్నాడు. చప్పట్లు కొట్టారు. బుచ్చిబాబు అందరికంటే గట్టిగా కొట్టాడు.

బెల్టు పని ఒక్క పూటలో అయిపోయింది. మొగిలయ్య సరైన కొలత బెల్టు వేసి, దాన్ని బిగించే చక్రం కూడా మార్చాడు. నూనె డబ్బా ఉన్న భాగం మాత్రం దొరకడం కష్టమైంది. పాత సామాన్ల షాపులో ఒకటి ఉందని మొగిలయ్య అంటే, సూర్యకళ ఒప్పుకోలేదు. "బ్రేకుకు వాడేసిన సామాను వద్దు. ఆ డబ్బా లోపల ఒత్తిడి బిగించి ఉంటుంది, విప్పి చూడటానికి కూడా వీల్లేదు. కొత్తదే రావాలి," అంది. కొత్తది చెన్నై నుంచి రావడానికి మూడు వారాలు పట్టింది.

ఆ మూడు వారాలూ స్నేహవేదిక వాళ్లు మెట్రోలో హబ్సిగూడ దాకా, అక్కడి నుంచి షేర్ ఆటోల్లో నాచారం వచ్చారు. ముగ్గురు పట్టే చోట బుచ్చిబాబు కూర్చుంటే ఇద్దరే పట్టేవారు. అయినా ఎవరూ విసుక్కోలేదు. రాణి రోజూ హబ్సిగూడ స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి, ఒక్కొక్కరినీ చేయి పట్టి ఆటో ఎక్కించేది. జీతమిచ్చే పని కాదది. ఆమెకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

కొత్త భాగం బిగించిన రోజు, ఎవరూ ఎక్కకముందు, సూర్యకళ చెప్పినట్టు రాణి పరీక్ష చేసింది. ఇంజన్ ఆపి తొక్కింది. పెడల్ మెత్తగా దిగింది. మళ్లీ తొక్కింది, దిగింది. మూడోసారి కొంచెం గట్టిగా దిగింది. నాలుగోసారి రాయి. అలా తొక్కిపట్టే ఇంజన్ స్టార్ట్ చేసింది. పెడల్ కొద్దిగా కిందికి జారి, మళ్లీ ఆమె అరికాలిని పైకి నెట్టింది.

"నెడుతున్నదమ్మా!" అంది రాణి.

"నెట్టాలి. అదే ఆరోగ్యం," అంది సూర్యకళ. అప్పటి నుంచి ప్రతి సోమవారం పొద్దున రాణి బండి తీసే ముందు ఈ పరీక్ష చేయడం అలవాటు చేసుకుంది.

జులైలో వానలు పడి చల్లబడ్డాక అందరూ కలిసి కీసర వెళ్లారు. గుట్ట మీద రామలింగేశ్వరుణ్ణి దర్శించుకుని, పులిహోర తిని, మధ్యాహ్నం తిరుగు ప్రయాణమయ్యారు. గుట్ట దిగే దారిలో, సగం వాలు దిగాక, ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బండి మాత్రం ఆగలేదు. వాలులో అలా జారుతూనే ఉంది. కింద మలుపు దగ్గర జనం, పూల బుట్టలు.

రాణి కాలు తొందరపడలేదు. పెడల్‌ని పదేపదే కొట్టకుండా, ఒక్కసారే నొక్కి, పట్టి ఉంచింది. అది మెత్తగా దిగింది. బరువెక్కుతున్న స్టీరింగ్‌ను రెండు చేతులా తిప్పి, బండిని ఎడమ అంచుకు తెచ్చి, చెట్టు నీడన ఆపింది. హ్యాండ్‌బ్రేకు లాగింది. ఎక్కడా కుదుపు లేదు. వెనకవాళ్లు పాడుకుంటున్న పాటలు కూడా ఆగలేదు.

మూడో వరసలోంచి సూర్యకళ మెల్లగా అంది: "డబ్బాలో ఇంకా ఒకటో రెండో ఉండాలి."

"ఉన్నయమ్మా. అక్కర వడలే," అంది రాణి.

బుచ్చిబాబు అప్పుడే నిద్ర లేచాడు. "ఏమ్మా, ఆపేశావు? టీకా?"

"ఇంజన్ ఆగింది సారూ. నాకు డీజిల్‌ల నీళ్లు వచ్చినట్టు కొడుతున్నది."

"వాలులోనా!" ఆయన కిటికీలోంచి కిందికి చూశాడు, పూల బుట్టల్ని చూశాడు, తర్వాత రాణిని చూశాడు. "నాకు తెలియనే తెలియలేదే!" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన దగ్గర లేదని రాణికి తెలుసు.

మొగిలయ్యకు ఫోన్ చేస్తే, అతను ముందుగా అడిగింది ఒకటే. "బ్రేకా?"

"కాదన్నా, డీజిల్."

"అమ్మయ్య!" అన్నాడు మొగిలయ్య. ఫిల్టర్ కింది మర విప్పి నీళ్లు ఎట్లా వదలాలో ఫోన్‌లోనే చెప్పాడు. రాణి, సూర్యకళ బానెట్ కింద తలలు దూర్చి ఆ పని చేస్తుంటే, మిగతావాళ్లు దిగి, రోడ్డు పక్క కాల్చిన మక్కకంకులు కొనుక్కుని, చెట్టు కింద వరసగా కూర్చున్నారు. ఉమాపతి ఆ దుమ్ములోనే, వాళ్లతో పాటే, తెల్ల ప్యాంటుతోనే కూర్చున్నాడు.

అరగంటలో ఇంజన్ మళ్లీ అందుకుంది. అందరూ ఎక్కారు. సూర్యకళ మాత్రం మూడో వరసకు వెళ్లకుండా రాణి పక్క సీట్లోకి ఎక్కి కూర్చుంది. నాగారం దాటే దాకా పెడళ్ల వైపు, రాణి చేతుల వైపు చూస్తూనే ఉంది.

"రాణీ, ఒకటి అడగనా? నవ్వకూడదు."

"అడుగుండ్రమ్మా."

"ముప్పయ్యొక్క ఏళ్లు పరీక్షలు చేశాను గానీ, నాకు బండి నడపడం రాదు. ఎవరూ నేర్పలేదు. నేనూ అడగలేదు. అరవై నాలుగేళ్లకు నేర్చుకుంటే పోలీసులేమైనా అంటారా?"

రాణి నవ్వలేదు. అద్దంలో వెనక చూసుకుని, బండిని ఎడమ పక్కకు తీసి, తర్వాతి ఆదివారం తనకు ఏ పనులున్నాయో మనసులో చూసుకుంది.

"మొదలు లర్నింగ్ లైసెన్స్ తీసుకుందాం. గంతదాక లారీ యార్డుల సీట్ల కూసొని క్లచ్ తొక్కుడు నేర్చుకుందురు," అంది. "చెప్పులు గివే ఏసుకోని రాండ్రి, ఏం గాదు."